ఎక్స్‌బాక్స్ మళ్ళీ బాజీ గెలవాలంటే

మా చిన్నోడి దగ్గర ఒక బిస్కట్ డబ్బా ఉంది. మూడేళ్ళుగా వచ్చిన ఈదీ పైసలన్నీ అందులోనే దాచాడు. నానీమా ఇచ్చిన కొత్త నోట్లు, దుబాయ్ నుంచి వచ్చినప్పుడల్లా మామూ చేతిలో పెట్టే ఐదువందల కాగితాలు, అన్నీ అందులోనే. మొన్న జుమ్మా నాడు భోజనాలయ్యాక, ఇంకా దస్తర్‌ఖాన్ ఎత్తకముందే, ఆ డబ్బా తెచ్చి నా ముందు కుమ్మరించాడు.

"అబ్బా, మీరు ఇంకొంచెం కలిపితే సరిపోతుంది. ఎక్స్‌బాక్స్ తీసుకుందామా, ప్లేస్టేషనా?"

నేను నోరు తెరిచేలోపే వాళ్ళ ఖాలా కొడుకు అడ్డం పడ్డాడు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు, ఇలాంటి విషయాల్లో మా ఖాందాన్‌కు వాడే ముఫ్తీ. "ఎక్స్‌బాక్స్ ఖతం ఖాలూ. దాని గేములే ప్లేస్టేషన్‌లోకి వచ్చేస్తున్నాయి. ఇంకా అదెందుకు?" అన్నాడు.

నేను ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, పేపర్లో వార్తలు రాసుకు బతికేవాణ్ణి. గేముల సంగతి నాకేం తెలుస్తుంది? కానీ పోయేది ఇంటి పైసలు. పైగా ఆ కంపెనీ మాలిక్ కుర్చీలో కూర్చున్నది మన హైదరాబాద్ మనిషి. బేగంపేట పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరి నుంచి మైక్రోసాఫ్ట్‌ను నడుపుతున్నారు. 1998 నుంచి ఆ కంపెనీకి హైదరాబాద్‌లో పెద్ద కేంద్రం ఉంది. మన బస్తీల పిల్లలు ఎందరో అక్కడ ఉద్యోగం రావాలని దువా చేసుకుంటారు. అంత పెద్ద కంపెనీ, అంత దౌలత్ ఉన్న కంపెనీ, ఈ ఆటల తిజారత్‌లో ఎందుకు వెనకబడింది? మళ్ళీ ముందుకు రావాలంటే ఏం చెయ్యాలి? పది రోజులు కూర్చుని చదివాను. నాకు అర్థమైంది మీ ముందు పెడుతున్నాను.

ముందు కొంచెం పాత హిసాబ్ చూద్దాం.

మొదటి ఎక్స్‌బాక్స్ 2001 నవంబర్‌లో వచ్చింది. అప్పటికే సోనీ ప్లేస్టేషన్ 2 బజారును ఏలుతోంది. మైక్రోసాఫ్ట్ ఏం చేసిందంటే, హేలో అనే గేమును తన డబ్బాకే కట్టేసింది. అది ఆడాలంటే ఎక్స్‌బాక్స్ కొనాల్సిందే. మరుసటి ఏడాది ఇంటర్నెట్‌లో దోస్తులతో కలిసి ఆడుకునే ఎక్స్‌బాక్స్ లైవ్ తెచ్చింది. 2005లో ఎక్స్‌బాక్స్ 360 వచ్చింది, ప్లేస్టేషన్ 3 కంటే ఏడాది ముందే. ఇక్కడ ముకాబ్లా నిజంగా బరాబర్ అయింది. ప్లేస్టేషన్ 3 మొత్తం మీద 8 కోట్ల 70 లక్షలు దాటితే, 360 కూడా 8 కోట్ల 40 లక్షలు దాటింది.

ఆ 360 కథలోనే నాకు నచ్చిన ఒక ముచ్చట ఉంది. ఆ డబ్బాలు కుప్పలుగా చెడిపోయేవి. ముందువైపు ఎర్ర లైట్లు వెలిగాయంటే ఇక అంతే. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ తన గల్తీ ఒప్పుకుంది. ఆ లోపానికి వారంటీ మూడేళ్ళకు పెంచింది. అందుకోసం 100 కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. నుక్సాన్ మామూలుది కాదు. అయినా గ్రాహకులు పారిపోలేదు. "వీళ్ళ మాల్ చెడితే వీళ్ళే బాగు చేసిస్తారు" అని భరోసా కుదిరింది. దుకాణం నడిపేవాళ్ళెవరికైనా తెలిసిన సంగతే ఇది. మాల్‌లో లోపం వచ్చినా గ్రాహక్ మాఫ్ చేస్తాడు, జబాన్‌లో లోపం వస్తే చెయ్యడు.

ఆ జబాన్ దగ్గరే 2013లో దెబ్బతింది.

ఇక్కడ మా బచ్‌పన్ సంగతి ఒకటి చెప్పాలి. తొంభైల్లో మా గల్లీలో ఇద్దరి ఇళ్ళలోనే టీవీ గేము ఉండేది. పసుపుపచ్చ క్యాసెట్ పెట్టి ఆడేది. మొత్తం గల్లీకి కలిపి ఏడెనిమిది క్యాసెట్లు. అవి ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి తిరుగుతూనే ఉండేవి. పరీక్షలయ్యాక మా భాయీజాన్ సాయంత్రం ఒక క్యాసెట్ జేబులో వేసుకుని వెళ్ళి, ఇంకోటి మార్చుకుని వచ్చేవారు. కొనుక్కున్నవాడు ఒకడు, ఆడినవాళ్ళు ఇరవై మంది. "నీ క్యాసెట్ నువ్వే ఆడాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు" అని ఎవరైనా అని ఉంటే గల్లీ మొత్తం నవ్వేది.

2013లో ఎక్స్‌బాక్స్ వన్ ప్రకటించినప్పుడు మైక్రోసాఫ్ట్ దాదాపు అదే మాట అంది. డబ్బా రోజుకు ఒక్కసారైనా ఇంటర్నెట్‌కు కలవాలి, లేకపోతే గేము నడవదు. కొన్న డిస్కును ఇంకొకరికి ఇవ్వడానికి, అమ్ముకోవడానికి షరతులు. పైగా అక్కర ఉన్నా లేకపోయినా కినెక్ట్ అనే కెమెరా కూడా కొనాల్సిందే. అన్నీ కలిపి ఖరీదు 499 డాలర్లు.

ఆ జూన్‌లోనే సోనీ తన ప్లేస్టేషన్ 4 ధర 399 డాలర్లని చెప్పింది. దాంతోపాటు అర నిమిషం కూడా లేని ఒక వీడియో వదిలింది. గేము పక్కవాడితో పంచుకోవడం ఎలాగో నేర్పుతున్నట్టు తీశారు. ఒకాయన డిస్కు ఇంకొకాయన చేతిలో పెడతాడు, ఆయన థ్యాంక్స్ చెబుతాడు. అంతే, వీడియో అయిపోయింది. ప్రపంచమంతా పగలబడి నవ్వింది. జూన్ 19న మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గి షరతులన్నీ తీసేసింది. కానీ విల్లు వదిలిన బాణం వెళ్ళిపోయింది. ప్లేస్టేషన్ 4 మొత్తం 11 కోట్ల 70 లక్షలు దాటి అమ్ముడైంది. ఎక్స్‌బాక్స్ వన్ అందులో సగం కూడా అమ్ముడు కాలేదని తర్వాత మైక్రోసాఫ్ట్ కాగితాల్లోనే బయటపడింది. మన దేశం సంగతి చూడండి. ప్లేస్టేషన్ 4 ఇక్కడికి 2014 జనవరిలో వచ్చింది. ఎక్స్‌బాక్స్ వన్ సెప్టెంబర్ దాకా రాలేదు.

ఒక తరం ఓడిపోతే ఏముంది, తర్వాతి తరంలో గెలవచ్చు కదా అనుకుంటాం. అసల్ ముష్కిల్ అక్కడే ఉంది. సరిగ్గా ఆ ఏళ్ళలోనే జనం డిస్కులు మానేసి, గేములను ఇంటర్నెట్ నుంచి నేరుగా డబ్బాలోకి కొనుక్కోవడం మొదలుపెట్టారు. ప్లేస్టేషన్‌లో నలభై గేములు కొన్నవాడు తర్వాత ఎక్స్‌బాక్స్ వైపు ఎందుకు వస్తాడు? వస్తే ఆ నలభై వదులుకోవాలి. ఇల్లు మారడం సులువే, సామాను అంతా పాత ఇంట్లో వదిలేసి మారమంటే ఎవరు మారతారు? ఎక్స్‌బాక్స్ బాధ్యతలు చాలా ఏళ్ళు చూసిన ఫిల్ స్పెన్సరే 2023లో ఒక ఇంటర్వ్యూలో ఈ సంగతి ఒప్పుకున్నారు. ఓడిపోకూడని తరంలోనే ఓడిపోయామన్నారు.

స్పెన్సర్ 2014లో పగ్గాలు తీసుకున్నాక మంచి పనులు జరిగాయి, ఇన్సాఫ్‌గా అవీ చెప్పాలి. 2015 నుంచి పాత 360 గేములు ఎన్నో కొత్త డబ్బాలో నడిచేలా చేశారు. పాత గేముకు మళ్ళీ పైసలు అడగలేదు. 2017లో గేమ్ పాస్ తెచ్చారు. నెలకింత కడితే వందల గేములు ఆడుకోవచ్చు. 2018లో చేతులు సరిగా పనిచెయ్యని వాళ్ళ కోసం ప్రత్యేకమైన కంట్రోలర్ చేశారు. 2020లో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ అనే చిన్న డబ్బాను మన దగ్గర 34,990 రూపాయలకే ఇచ్చారు. మధ్యతరగతి ఇంటికి అది అందే దూరంలోనే ఉండింది.

ఆ తర్వాత మేహనత్ కంటే పైసల మీద నమ్మకం ఎక్కువైంది. మైన్‌క్రాఫ్ట్ చేసిన మోజాంగ్‌ను 2014లోనే 250 కోట్ల డాలర్లకు కొన్నారు, అది మంచి సౌదా. బెథెస్డా మాతృసంస్థకు 750 కోట్లు పెట్టారు. 2023 అక్టోబర్‌లో యాక్టివిజన్ బ్లిజార్డ్ చేతికొచ్చింది. ప్రకటించినప్పుడు దాని ఖరీదు 6,870 కోట్ల డాలర్లు. నాలుగు నెలలు తిరక్కుండానే, 2024 జనవరిలో, గేముల విభాగంలో 1,900 మంది ఉద్యోగాలు పోయాయి. మే నెలలో టాంగో గేమ్‌వర్క్స్ అనే జపాన్ స్టూడియో మూసేస్తున్నామన్నారు. అంతకుముందు ఏడాదే ఆ స్టూడియో చేసిన హై-ఫై రష్ గేమును అందరూ మెచ్చుకున్నారు. బాగా పని చేసినవాడికే దుకాణం మూస్తే, మిగిలిన కారీగర్లకు ఏ ధైర్యం ఉంటుంది?

2024 నుంచి తమ గేములను ప్లేస్టేషన్‌లోనూ అమ్మడం మొదలుపెట్టారు. ముందు నాలుగే అన్నారు. 2025లో ఫోర్జా హొరైజన్ 5, గేర్స్ ఆఫ్ వార్ కూడా వెళ్ళాయి. అక్టోబర్‌లో హేలో కూడా ప్లేస్టేషన్‌కు వస్తుందని ప్రకటించారు. ఏ గేము కోసం పాతికేళ్ళ కింద జనం ఎక్స్‌బాక్స్ కొన్నారో ఆ గేమే. ఇటుపక్క ఫోనూ ఎక్స్‌బాక్సే, టీవీ కూడా ఎక్స్‌బాక్సే అని ఇశ్తెహార్లు. అన్నీ ఎక్స్‌బాక్సే అయితే, దుకాణంలో ఉన్న డబ్బా ఎందుకు కొనాలి? ఆ 2025లోనే అమెరికాలో సిరీస్ ఎక్స్ ధర రెండుసార్లు పెరిగి 499 నుంచి 649 డాలర్లకు చేరింది. గేమ్ పాస్ అల్టిమేట్ నెలకు 19.99 నుంచి 29.99 డాలర్లు అయింది. మా ఇంజినీరింగ్ పిల్లాడు "ఖతం" అన్నది ఊరికే కాదు.

అవతలి వాదన కూడా వినాలి. మైక్రోసాఫ్ట్‌కు డబ్బాల మీద పెద్దగా లాభం లేదు. గేములు ఎక్కడ అమ్మినా పైసలే. అన్నిచోట్లా అమ్ముకుంటే తప్పేముంది? తప్పు లేదు. గేములు మాత్రమే అమ్ముకుంటామని సాఫ్‌గా చెప్పి పక్కకు తప్పుకున్నా ఇజ్జతే. సెగా కంపెనీ 2001లో డ్రీమ్‌కాస్ట్ ఆపేసి అలాగే చేసింది, ఈరోజుకీ బతికి ఉంది. కానీ మైక్రోసాఫ్ట్ అలా అనడం లేదు. తర్వాతి డబ్బా కోసం ఏఎమ్‌డీతో కలిసి పని చేస్తున్నామని 2025 జూన్‌లో ప్రకటించింది. డబ్బా అమ్ముతామంటే, ఆ డబ్బా కొన్నవాడికి ఒక ఫాయిదా చూపించాలి. ఒక పడవలో ఒక కాలు, ఇంకో పడవలో ఇంకో కాలు పెడితే నది దాటలేం.

మరి ఓడినవాళ్ళు మళ్ళీ గెలిచిన నజీర్లు లేవా? ఉన్నాయి, ఇదే బజారులో ఉన్నాయి.

నింటెండో 2012లో వీ-యూ అనే కన్సోల్ తెచ్చింది. పాత వీ డబ్బాకు ఇది అదనపు సామానా, కొత్త డబ్బానా అని కూడా జనానికి అర్థం కాలేదు. మొత్తం కోటీ 36 లక్షల దగ్గర ఆగిపోయింది. దాని ముందరి వీ 10 కోట్లు దాటింది, పోల్చి చూసుకోండి. 2014లో అధ్యక్షుడు సతోరు ఇవాటా ఏం చేశారు? కొన్ని నెలలపాటు తన జీతం సగానికి కోసుకున్నారు. ఉద్యోగులను తీసేస్తే మిగిలినవాళ్ళు భయంతో పని చేస్తారు, భయంతో మంచి గేములు రావని ఆయన ఉసూల్. ఆ మనుషులే కూర్చుని, ఇంట్లో టీవీకి పెట్టుకునేది, చేతిలో పట్టుకుని తిరిగేది రెండూ ఒకే డబ్బాగా మార్చారు. 2017 మార్చిలో స్విచ్ వచ్చింది. ఇవాటా దాన్ని బజారులో చూడలేదు, 2015లోనే పోయారు. అది 15 కోట్లు దాటింది. మిగతా కన్సోళ్ళతో పోలిస్తే దాని తాకత్ తక్కువే. కానీ అది ఎందుకు కొనాలో పదేళ్ళ పిల్లాడు కూడా ఒక్క ముక్కలో చెప్పగలడు.

సోనీకీ ఒక చెడ్డ జమానా ఉండింది. 2006లో ప్లేస్టేషన్ 3ని 599 డాలర్లని ప్రకటిస్తే జనం మొహం తిప్పుకున్నారు. 2009కి సన్నటి కొత్త డబ్బాను 299కి తెచ్చారు. 2011లో దొంగలు వాళ్ళ నెట్‌వర్క్‌లో దూరితే మూడు వారాలకు పైగా సేవలు ఆగిపోయాయి. మాఫీ అడిగి, గేములు ఊరికే ఇచ్చి, మళ్ళీ నిలబడ్డారు.

ఇప్పుడు నా మష్వరా. పెద్ద కంపెనీకి నేను చెప్పేదేముందని మీరనుకోవచ్చు. డబ్బా కొనేది మన ఇళ్ళే కాబట్టి చెప్పే హక్కు మనకుంది.

మొదటిది, కొన్నది కొన్నవాడి అమానత్ అని ఒప్పుకోవాలి. పాత గేములను కొత్త డబ్బాలో నడిపించడంలో ఎక్స్‌బాక్స్‌కు ఉన్నంత పేరు ఇంకెవరికీ లేదు. 2024 జులైలో 360 దుకాణం మూసినప్పుడు కూడా, కొన్న గేములను మళ్ళీ దింపుకునే వీలు ఉంచారు. తర్వాతి డబ్బాలోనూ పాత గేములు నడుస్తాయని 2025లో మాట ఇచ్చారు. ఆ వాదాను చిన్న అక్షరాల షరతులు లేకుండా డబ్బా మీదే అచ్చు వెయ్యాలి. వాళ్ళ దగ్గరున్న అసల్ సరుకు ఇదే.

రెండోది, పంచుకోనివ్వాలి. 2013లో తెగిన దారం ఇది, ముడి ఇక్కడే వెయ్యాలి. మిగతావాళ్ళు అప్పుడే మొదలుపెట్టారు. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ 2024లో ఒక పద్ధతి తెచ్చింది. ఒకే ఇంట్లో ఆరుగురి దాకా గేములు కలిపి వాడుకోవచ్చు. నింటెండో 2025లో, డిస్కు లేని గేమును కూడా కుటుంబంలో ఇంకొకరికి రెండు వారాలు అరువిచ్చే వీలు పెట్టింది. మన ఇళ్ళలో అన్నదమ్ములు, చాచా పిల్లలు, ఫూఫీ పిల్లలు ఒకే వస్తువు చుట్టూ పెరుగుతారు. డిస్కు లేని గేమును కూడా మా భాయీజాన్ క్యాసెట్ లాగా చేతులు మారేలా ఎవరు చేస్తారో, ఆ కంపెనీ మన గల్లీలన్నిటినీ గెలుస్తుంది. డిస్కు పెట్టే చోటు కూడా తీసెయ్యకూడదు. నెట్ సరిగా రాని కస్బాలు మన దగ్గర ఇంకా ఉన్నాయి.

మూడోది, ఒక మాట మీద నిలబడాలి. గేములన్నీ దాచుకోనక్కర్లేదు. హేలో, ఫోర్జా లాంటివి ముందు ఒక ఏడాదో రెండేళ్ళో తమ డబ్బాలోనే ఉంటాయి, తర్వాత బయటికి వెళ్తాయి అని చెప్పి, అలాగే చెయ్యాలి. ఈ ఏడాది ఒక మాట, వచ్చే ఏడాది ఇంకో మాట అయితే గ్రాహక్ సబర్ చెయ్యడు, వెళ్ళిపోతాడు.

నాలుగోది, సిరీస్ ఎస్ దారి వదలొద్దు. సోనీతో తాకత్‌లో పోటీ పడి లక్షకు దగ్గరయ్యే డబ్బా చేస్తే మన దేశంలో ఎంతమంది కొంటారు? మన పిల్లలు ఫోన్లలోనే ఆడుకుంటున్నారు. వాళ్ళను టీవీ ముందుకు తేవాలంటే ఖరీదు అందుబాటులో ఉండాలి, గేములు మన రూపాయి హిసాబ్‌లో ఉండాలి. చవక డబ్బాను ఆఖరున కాకుండా మొదటి రోజే మన బజారులో పెట్టాలి.

ఐదోది, కొన్న స్టూడియోలను బతకనివ్వాలి. చిన్న గేములు చేసేవాళ్ళకు గుంజాయిష్ ఇవ్వాలి. వేల కోట్లు పోసి దుకాణాలు కొనొచ్చు. అందులో కూర్చున్న కారీగర్ మనసు పెట్టి పని చెయ్యాలంటే, రేపు కూడా తన కుర్చీ ఉంటుందన్న భరోసా కావాలి. ఇవాటా చేసి చూపించింది అదే.

ఈ ఐదింటిలో ఒక్కటి కూడా మైక్రోసాఫ్ట్ దౌలత్‌కు భారం కాదు. 360 ఎర్ర లైట్ల నాడు వంద కోట్ల డాలర్లు పక్కన పెట్టినవాళ్ళకు ఇదెంత? అప్పుడు గ్రాహక్ పక్కన నిలబడినట్టే ఇప్పుడూ నిలబడితే చాలు.

ఇక మా ఇంటి ఫైసలా సంగతి. ఇంకా కాలేదు. చిన్నోడికి నేను మూడు సవాళ్ళు రాసిచ్చాను, ఏ కంపెనీ డబ్బా కొన్నా ముందు ఇవి అడగమన్నాను. మీరు కూడా అడగండి. ఇవాళ కొన్న గేము ఐదేళ్ళ తర్వాత కొత్త డబ్బాలో నడుస్తుందా? నెల నెలా కట్టేది ఆపేస్తే మన చేతిలో ఏం మిగులుతుంది? ఇంట్లో ఇంకొకరు ఆడాలంటే మళ్ళీ కొనాలా?

ఆ మూడో సవాలు నాది కాదు, మా బేటీది. వాడు పైసలు లెక్కపెడుతుంటే తన ఈదీలోంచి రెండువందలు తెచ్చి ఆ డబ్బాలో వేసింది. "ఇందులో నాకూ హిస్సా ఉంది" అని గట్టిగా చెప్పింది. డబ్బా మూతపెట్టి మళ్ళీ అల్మారీ మీద పెట్టాం. ఆ పిల్ల సవాలుకు ఏ కంపెనీ సాఫ్‌గా జవాబిస్తే, మా సౌదా ఆ కంపెనీతోనే.